ఆ ఆరుగురు స్త్రీలు ఎవరు? జపాన్ ప్రజల పుట్టుపూర్వోత్తరాలపై కొన్ని ఆలోచనలు

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబం, ఆస్తి, చట్టం గురించి మాట్లాడమని పిలిస్తే నేను జపాన్ గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కొంచెం ఆశ్చర్యపోయారు. జపాన్‌తో మనకేం పని అని మీలో కొందరికీ అనిపించి ఉంటుంది. కారణం చెప్తాను. ఇలాంటి తరగతిలోనే ఒకసారి వెనక వరసలోంచి ఒక కార్యకర్త లేచి, "అక్కా, జపాన్ వాళ్లంతా ఒకే జాతి, ఒకే భాష. కులాల్లేవు. అందుకే అంత ముందుకెళ్లారు. మనకేమో వెయ్యి కులాలు, వెయ్యి గొడవలు. మనమెట్లా బాగుపడతాం?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. నేను సోషియాలజీ చదువుకునేటప్పుడు కూడా జపాన్ పేరు "ఒకే జాతి ఉన్న సమాజం" అన్న చోటే వచ్చేది. రాసుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. అది నిజమా అని ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. నాకు జపనీస్ రాదు. ఇంగ్లీషులోకి వచ్చిన అనువాదాలు, పరిశోధనలు చదివి నేను అర్థం చేసుకున్నది మీ ముందు పెడుతున్నాను. ఒక జాతి ఎలా పుట్టిందన్న కథను ఎవరు రాశారు? ఎవరి అవసరం కోసం రాశారు? అందులో ఆడవాళ్లని ఎక్కడ నిలబెట్టారు? ఈ మూడు ప్రశ్నలూ ఏ దేశం విషయంలోనైనా పనికొస్తాయి.

మొదటి మనుషులు

జపాన్ దీవుల్లోకి మనుషులు వచ్చి సుమారు 38 వేల ఏళ్లయింది. వాళ్లంతా ఒకే దారిన రాలేదు. కొందరు కొరియా వైపు నుంచి సముద్రం దాటి వచ్చారు. కొందరు ఉత్తరాన సఖాలిన్ మీదుగా వచ్చారు. దక్షిణాన ఒకినావా దీవులకు మరికొందరు చేరారు. ఒకినావాలో 1970లో దొరికిన సుమారు 20 వేల ఏళ్లనాటి అస్థిపంజరాలు చాలా పేరుపొందాయి. దాదాపు పూర్తిగా దొరికిన నలుగురిలో ముగ్గురు స్త్రీలు, ఒకరు పురుషుడు. ఇంగ్లీషు పుస్తకాల్లో మాత్రం ఆ నలుగురికీ కలిపి పెట్టిన పేరు "మినతొగవా మేన్". ముగ్గురాడవాళ్లు ఒక మగవాడి పేరు కింద సర్దుకోవలసి వచ్చింది. మనకిది కొత్త కాదు కదా!

సుమారు 16 వేల ఏళ్ల కిందటే ఈ దీవుల్లో మట్టికుండలు చేశారు. ప్రపంచంలో దొరికిన అతి పాత కుండల్లో ఇవి కొన్ని. పచ్చిమట్టి మీద తాడు అద్ది నగిషీ చేసేవాళ్లు. జోమోన్ అంటే తాటి గుర్తులని అర్థం. ఆ కాలానికీ, ఆ మనుషులకీ అదే పేరైంది. వీళ్లు వరి పండించలేదు. చేపలు, ఆల్చిప్పలు, అడవి జంతువులు, గింజలు, దుంపలు తిన్నారు. అయినా ఊళ్లు కట్టుకుని స్థిరంగా ఉన్నారు. ఉత్తరాన అవొమొరి దగ్గర సన్నై మరుయామా అనే చోట బేస్‌బాల్ మైదానం కట్టబోతే 1992 నుంచి జరిగిన తవ్వకాల్లో ఒక పెద్ద ఊరే బయటపడింది. అక్కడ మనుషులు 1500 ఏళ్లకు పైగా నివసించారు. చుట్టూ చెస్ట్‌నట్ చెట్లను ఏరి పెంచుకున్నారు. నాగలి పట్టాకే మనిషి స్థిరపడ్డాడని మనం చదువుకున్న పాఠం ఇక్కడ సరిపోదు.

జోమోన్ కాలపు మట్టిబొమ్మలు వేల సంఖ్యలో దొరికాయి. వాటిని దోగూ అంటారు. చాలా బొమ్మలు స్త్రీ రూపాలే. రొమ్ములు, ఉబ్బిన పొట్ట, వెడల్పాటి నడుము స్పష్టంగా కనిపిస్తాయి. వీటిని చూడగానే "అదిగో మాతృస్వామ్యం" అనాలనిపిస్తుంది. మనలో చాలామందిమి ఎంగెల్స్‌ని చదివి ఈ ఉద్యమంలోకి వచ్చినవాళ్లం. ఆదిలో స్త్రీ ఆధిపత్యం ఉండేదని నమ్మడం మనకి ఊరట కూడా. కానీ స్త్రీ బొమ్మను చేసినంత మాత్రాన స్త్రీకి అధికారం ఉన్నట్టు కాదు. అమ్మవారిని ఊరేగించే ఊళ్లోనే కోడలిని కాల్చిన కేసులు మీరు చూశారు. అందుకని బొమ్మల దగ్గర నేను తొందరపడను.

నన్ను ఆపింది ఇంకొకటి. హొక్కైదోలోని ఇరియె అనే చోట ఒక జోమోన్ అస్థిపంజరం దొరికింది. కాళ్లూ చేతుల ఎముకలు బాగా సన్నబడిపోయి ఉన్నాయి. చిన్నతనంలోనే పోలియో లాంటి జబ్బుతో చచ్చుబడ్డాయని పరిశోధకుల అంచనా. అయినా ఆ మనిషి చాలా ఏళ్లు బతికింది. వేటకు వెళ్లలేని, తనంతట తాను నడవలేని మనిషికి ఏళ్ల తరబడి ఎవరో తిండి పెట్టారు, పక్కకు తిప్పారు, కడిగారు. ఆ పని ఎవరు చేశారో ఎముకలు చెప్పవు. కానీ ఆ పని జరిగిందని చెప్తున్నాయి. లెక్కకు రాని సేవాశ్రమ గురించి మనం ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాం. దానికి ఇంత పాత సాక్ష్యం ఉందని నాకు తెలియదు.

వరితో వచ్చినవాళ్లు

క్రీ.పూ. 10వ శతాబ్దం ప్రాంతంలో కొరియా ద్వీపకల్పం నుంచి దక్షిణ దీవి క్యుషుకు కొత్తవాళ్లు రావడం మొదలైంది. క్రీ.పూ. 300 ప్రాంతంలో వచ్చారని పాత పుస్తకాల్లో ఉండేది. 2003లో అక్కడి జాతీయ చరిత్ర మ్యూజియం పరిశోధకులు రేడియో కార్బన్ పరీక్షలతో ఆ తేదీని వెనక్కి జరిపారు. వీళ్లు నీటి మడుల్లో వరి పండించడం, ఆ తర్వాత కంచు, ఇనుము తెచ్చారు. ఈ కాలాన్ని యాయోయి అంటారు. అది తోక్యోలో ఒక పేట పేరు. ఆ రకం కుండ మొదట 1884లో అక్కడ దొరికింది.

వరితో గిడ్డంగులొచ్చాయి. గిడ్డంగులతో కాపలా వచ్చింది. క్యుషులోని యోషినొగారి అనే చోట ఊరి చుట్టూ కందకాలు, కావలి బురుజుల ఆనవాళ్లు బయటపడ్డాయి. అక్కడి సమాధి జాడీల్లో తల లేని అస్థిపంజరం ఉంది. బాణపు మొనలు దిగిన అస్థిపంజరం ఉంది. జోమోన్ ఎముకల్లో హింస గుర్తులు 2 శాతం లోపేనని 2016లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. వరి పండిన ప్రతిచోటా యుద్ధం పుడుతుందని నేననను. నిలవ చేసుకోగల ఆస్తి, దాన్ని పంచుకునే తీరు, దాని మీద హక్కు ఎవరిదన్న తగాదా ఒకదాని వెంట ఒకటి నడిచాయని మాత్రం కనిపిస్తోంది.

మరి ఇప్పటి జపాన్ ప్రజలు ఎవరి సంతానం? పాత దీవివాసులు, కొత్తగా వచ్చిన రైతులు కలిసిన సంతానమని హనిహరా కజురో అనే శాస్త్రవేత్త 1991లో ప్రతిపాదించాడు. 2021లో ప్రాచీన ఎముకల జన్యువుల్ని చదివిన పరిశోధకులు మూడో ధారను కూడా చూపించారు. యాయోయి తర్వాత, పెద్ద పెద్ద సమాధి దిబ్బలు కట్టిన కాలంలో, క్రీ.శ. 3 నుంచి 7 శతాబ్దాల మధ్య తూర్పు ఆసియా నుంచి మరింతమంది వచ్చి కలిశారు. ఇప్పటి ప్రధాన దీవుల జనంలో జోమోన్ వారసత్వం సుమారు పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుంది. ఒకినావాలో ఎక్కువ. ఉత్తరాది ఐను ప్రజల్లో ఇంకా చాలా ఎక్కువ.

ఇదంతా ఇప్పటి సైన్సు చెప్పాకే తెలిసిందా అంటే, కాదు. క్రీ.శ. 815లో రాజాస్థానం రాజధాని ప్రాంతపు వంశాల జాబితా ఒకటి రాయించింది. అందులో 1182 వంశాలున్నాయి. 326 వంశాలు బయటి దేశాల నుంచి వచ్చినవని అందులోనే రాసి ఉంది. అంటే నాలుగో వంతు కంటే ఎక్కువ. అప్పట్లో అది దాచుకోవలసిన సంగతి కాదు. 781లో గద్దెనెక్కిన కన్ము చక్రవర్తి తల్లి నీగాసా కొరియాలోని పెక్చే రాజవంశం నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టింది. 2001 డిసెంబరులో అకిహితో చక్రవర్తి ఈ మాటను తన నోటితో చెప్పి, కొరియాతో తనకు బంధుత్వ భావన ఉందన్నాడు. ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. తండ్రి వైపు మాత్రమే లెక్కపెడితే ఆ వంశం స్వచ్ఛం. తల్లిని లెక్కలోకి తెస్తే చాలు, ఆ స్వచ్ఛత నిలబడదు. ఏరు పుట్టుక, శూరుల పుట్టుక అడగకూడదని మన పెద్దలంటారు. పుట్టుక వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒక పరాయి తల్లి తగులుతుందని వాళ్లకి తెలుసనుకుంటాను.

భాష గురించి కూడా ఒక్క మాట చెప్పాలి. జపనీస్ వాక్యం మన వాక్యం లాగే క్రియతో ముగుస్తుంది. మన విభక్తుల లాగే చిన్న మాటలు నామవాచకం వెనక చేరతాయి. ఒనో సుసుము అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని ఎన్నో ఏళ్లు వాదించాడు. ఇది విని మన ద్రావిడ మనసు ఉప్పొంగుతుంది. కానీ భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. వాక్యం కట్టే తీరు ఒకటైనంత మాత్రాన చుట్టాలు కాలేరు. పుట్టుక కథల మీద మోజు జపాన్ వాళ్లకే కాదు, మనకీ ఉందని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

రాణి, ఆమె పంపిన కానుకలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జపాన్ గురించి రాతపూర్వకంగా తొలి వివరాలు చైనా చరిత్రల్లో ఉన్నాయి. 3వ శతాబ్దం చివర చెన్ షౌ రాసిన చరిత్రలో "వా" ప్రజల గురించి ఒక భాగం ఉంది. ఆ దేశాన్ని 70, 80 ఏళ్లు మగరాజులు పాలించారు. తర్వాత ఏళ్ల తరబడి యుద్ధాలయ్యాయి. చివరికి అందరూ కలిసి హిమికో అనే స్త్రీని రాణిగా నిలబెట్టారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. వెయ్యిమంది స్త్రీలు ఆమె కొలువులో ఉన్నారు. తమ్ముడు పాలనలో సాయపడేవాడు. ఆమె చనిపోయాక ఒక మగరాజుని పెడితే జనం ఒప్పుకోలేదు. వెయ్యిమందికి పైగా చచ్చారు. అప్పుడు హిమికో బంధువైన 13 ఏళ్ల పిల్లను రాణిని చేస్తే శాంతి కుదిరింది. సభల్లో కూర్చునేటప్పుడు వాళ్లలో తండ్రీకొడుకుల తేడా, ఆడామగా తేడా లేదని కూడా ఆ చైనా రచయిత రాశాడు. తన దేశంలో అలా ఉండదు కాబట్టి అతనికి వింతగా తోచి ఉంటుంది.

ఈ రాణిని తర్వాతి పండితులు ఏం చేశారో చూడండి. 1910లో షిరతోరి, నైతో అనే ఇద్దరు పెద్ద ఆచార్యులు ఆమె రాజ్యం క్యుషులో ఉందా, నారా వైపు ఉందా అని వాదించుకున్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. ఊరి సంగతిలో తగవుపడ్డవాళ్లు ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. హిమికో పూనకం వచ్చే పూజారిణి, అసలు పాలన తమ్ముడిదే అన్నారు. యోషియె అకికో అనే చరిత్రకారిణి ఈ బొమ్మను విప్పి చూపించింది. మూలంలో తమ్ముడు సాయపడ్డాడని ఉంది గాని, పాలించాడని లేదు. దూతల్ని పంపింది ఆమె. చైనా చక్రవర్తి బంగారు ముద్ర, వంద కంచు అద్దాలు పంపింది ఆమెకి. స్త్రీలకి ఓటు హక్కు లేని, సభలో కూర్చునే హక్కు కూడా లేని కాలంలో రాసిన మగ పండితులకి స్త్రీ పాలించిందన్న మాట మింగుడుపడలేదు. సర్పంచి సంతకం పెడితే "వెనక ఆయనే నడిపిస్తున్నాడు" అని చూడకుండానే తేల్చేసేవాళ్లని మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. కొన్నిచోట్ల అది నిజం కూడా. కానీ చూసి చెప్పడం వేరు, చూడకుండా చెప్పడం వేరు.

హిమికో ఒక్కతే అయితే అపురూపమనుకోవచ్చు. 4వ శతాబ్దపు సమాధి దిబ్బల్లోనూ ముఖ్యమైన చోట స్త్రీలు పడుకుని ఉన్నారు. క్యుషులోని ముకోనోద దిబ్బ ఒక స్త్రీ కోసం కట్టినదే. అద్దం, ఖడ్గాలు ఆమె పక్కన ఉన్నాయి. 5వ శతాబ్దం తర్వాత, యుద్ధం ప్రధానమయ్యాక, ఇలాంటి స్త్రీల సమాధులు తగ్గిపోతాయి.

ఇంతవరకు చెప్పి ఆపితే మీరు చప్పట్లు కొడతారు. నేను కూడా మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ ఆగి సంతోషించాను. కానీ అదే చైనా పుస్తకంలో, అదే పేజీల్లో, హిమికో చైనాకి పంపిన తొలి కానుకల జాబితా ఉంది. అది 239 నాటి సంగతి. రెండు బట్టల తానులు, నలుగురు మగ బందీలు, ఆరుగురు ఆడ బందీలు.

ఆరుగురు స్త్రీలు. వాళ్లని పడవెక్కించి, సముద్రం దాటించి, కొరియా మీదుగా చైనా రాజధానికి తీసుకెళ్లారు. పేర్లు లేవు. వయసు లేదు. ఏ యుద్ధంలో పట్టుబడ్డారో, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వెళ్లారో లేదు. బట్టల తానులతో పాటు లెక్క రాశారు, అంతే. హిమికో చనిపోయాక ఆమె దిబ్బలో వందమందికి పైగా దాసదాసీల్ని ఆమె వెంట పంపారని కూడా అక్కడే ఉంది. ఆ తర్వాత 13 ఏళ్ల రాణి హయాంలో ఇంకో 30 మంది ఆడామగా బందీలు చైనాకి వెళ్లారు.

నేను సోషియాలజీలో పరిశోధన చేసినదాన్ని. జాబితాలు చదవడం నా పని. అయినా ఈ వాక్యాన్ని మొదటిసారి దాటేసి వెళ్లిపోయాను. రాణి మీద దృష్టి పెట్టి ఆరుగురిని చూడలేదు. అది నా తప్పు. ఈ తప్పు మన ఉద్యమంలో కూడా జరిగింది. దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు, ఆదివాసీ స్త్రీలు మనల్ని నిలదీసి అడిగింది ఇదే: మీరు "స్త్రీ" అన్నప్పుడు మేమున్నామా? పై మెట్టు మీద ఒక స్త్రీ ఉన్నంత మాత్రాన కింద ఉన్న స్త్రీకి ఏం ఒరిగింది అన్నది జపాన్ తొలి రాణి దగ్గరే మొదలైన ప్రశ్న.

మగవాడే ముందు మాట్లాడాలి

జపాన్ రాజాస్థానం తన సొంత చరిత్రను 8వ శతాబ్దంలో రాయించింది. 712లో కొజికి, 720లో నిహోన్ షోకి. దీవులు పుట్టిన కథ కొజికిలో ఉంది. ఇజనామి అనే స్త్రీ, ఇజనాగి అనే పురుషుడు ఒక స్తంభం చుట్టూ తిరిగి కలుసుకుంటారు. ఇజనామి ముందు పలకరిస్తుంది. పుట్టిన బిడ్డ జలగలాగా ఉంటుంది. రెల్లు పడవలో పెట్టి నీళ్లలో వదిలేస్తారు. ఎందుకిలా జరిగిందంటే, ఆడది ముందు మాట్లాడటం వల్ల అని దేవతలు చెప్తారు. మళ్లీ చుట్టూ తిరిగి ఈసారి మగవాడు ముందు మాట్లాడతాడు. అప్పుడు సరైన దీవులు పుడతాయి.

ఈ పుస్తకం ఎవరికి సమర్పించారో తెలుసా? గెన్మెయ్ అనే మహారాణికి. 720 నాటి పుస్తకాన్ని ఆమె కూతురు గెన్షో మహారాణికి. 592లో సుయికోతో మొదలుపెట్టి 770 దాకా ఆరుగురు స్త్రీలు ఆ గద్దె మీద కూర్చున్నారు. వాళ్లలో ఇద్దరు రెండేసిసార్లు పాలించారు. తల్లీకూతుళ్లిద్దరు వరసగా ఏలుతున్న కాలంలోనే, స్త్రీ ముందు మాట్లాడితే అరిష్టమన్న కథ రాతకెక్కింది.

అదే కొజికిలో సూర్యదేవత అమతెరాసు ఉంది. ఆమె నేతశాలలో ఆడవాళ్లు దేవతల బట్టలు నేస్తుంటారు. తమ్ముడు సుసనోవో కప్పు చీల్చి, తోలు వొలిచిన గుర్రాన్ని లోపలికి విసురుతాడు. బెదిరిన ఒక నేతగత్తె నాడె మర్మాంగానికి తగిలి చచ్చిపోతుంది. అమతెరాసు గుహలో దాక్కుంటుంది. లోకం చీకటవుతుంది. గుహ ముందు మరో దేవత నాట్యం చేసి ఆమెను బయటికి రప్పించడం అందరికీ గుర్తుండే భాగం. చచ్చిపోయిన నేతగత్తెకి ఆ పుస్తకంలో పేరు కూడా లేదు. పని స్థలంలో ఒక స్త్రీ మీద జరిగిన హింస వల్ల సూర్యుడు అస్తమించాడని ఆ కథని చదవొచ్చు. నేను అలాగే చదువుతాను.

అప్పటి చట్టం ఏం చెప్పింది? 701 నాటి చట్టాల వరసలో ఆరేళ్లు నిండిన ప్రతివారికీ ప్రభుత్వం పొలం పంచింది. మగవాడికి రెండు తాన్‌లు. అది వాళ్ల భూమి కొలత. స్త్రీకి అందులో మూడింట రెండు వంతులు. ప్రైవేటు బానిసలకి స్వతంత్రుల వాటాలో మూడో వంతు. అంటే స్త్రీకి తన పేరున పొలం ఉంది. కానీ తక్కువ ఉంది. బానిస స్త్రీకి ఇంకా తక్కువ. జనాన్ని "మంచివాళ్లు", "నీచులు" అని విడదీసింది కూడా ఈ చట్టమే. జపాన్‌లో కులాల్లేవన్న ఆ కార్యకర్తకి నా జవాబులో ఒక భాగం ఇది. తర్వాతి శతాబ్దాల్లో తోలు పని, చావు పనులు చేసేవాళ్లని అంటరానివాళ్లుగా వెలి వేశారు. 1871లో చట్టం ఆ పేర్లను రద్దు చేసింది గాని, వివక్ష పోలేదు. వాళ్లు 1922లో సొంత సంఘం పెట్టుకుని పోరాడారు. వాళ్లది వేరే జాతి రక్తమన్న ప్రచారం కూడా జరిగింది. అది అబద్ధం.

బౌద్ధం చరిత్రలో కూడా ఒక అమ్మాయి ఉంది. ఆ దేశంలో మొట్టమొదట బౌద్ధ దీక్ష తీసుకున్నది మగవాళ్లు కాదు, ముగ్గురు ఆడపిల్లలు. సంవత్సరం 584. వాళ్లలో పెద్ద పేరు జెన్షిన్‌ది. వయసు 11. వలస వచ్చిన కుటుంబంలో పిల్ల. మరుసటి ఏడాది బౌద్ధమంటే గిట్టని ఒక వర్గం ఈ పిల్లల దీక్షావస్త్రాలు ఊడదీయించి సంతలో కొరడాలతో కొట్టించింది. అయినా జెన్షిన్ 588లో సముద్రం దాటి పెక్చే వెళ్లి, చదువుకుని, 590లో తిరిగొచ్చింది. బయటినుంచి వచ్చినవాళ్లు, వాళ్ల ఆడపిల్లలు ఆ నాగరికతను మోసుకొచ్చారనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మరి "అనాదిగా తెగని పురుష వంశం" అన్న మాట ఎక్కడిది? 1889 నాటి రాజవంశ చట్టం మగ సంతతికి మాత్రమే గద్దె అని రాసింది. 1947లో కొత్త రాజ్యాంగం స్త్రీపురుషులు సమానమన్నా, రాజవంశ చట్టం మాత్రం పాత నియమాన్నే ఉంచింది. 1898 పౌర చట్టం భార్య కుటుంబ యజమాని ఇంటిపేరు పెట్టుకోవాలంది. అంతకు ముందు 1876లో అదే ప్రభుత్వం భార్య పుట్టింటి ఇంటిపేరే ఉంచుకోవాలని ఆదేశమిచ్చింది! ఇరవై ఏళ్లలో తలకిందులైన సంగతి తర్వాత సనాతన సంప్రదాయమై కూర్చుంది. 2024 అక్టోబరులో ఐక్యరాజ్య సమితి స్త్రీ వివక్ష నిర్మూలన కమిటీ ఆ గద్దె నియమాన్ని మార్చమని సూచించింది. 2025 జనవరిలో జపాన్ ప్రభుత్వం తాను ఇచ్చే స్వచ్ఛంద నిధులు ఆ కమిటీకి వాడొద్దని చెప్పింది. పుట్టుక కథ ఎంత బలమైనదో చూడండి.

"ఒకే జాతి"లో చేరనివాళ్లు

జాతి ఒక్కటే అన్నప్పుడు కొందరిని కనిపించకుండా చేయాలి. ఉత్తరాన ఐను ప్రజల భూమిని 1869లో హొక్కైదో అని పేరు పెట్టి కలుపుకున్నారు. 1871లో ఐను స్త్రీలు పెదవుల చుట్టూ పొడిపించుకునే పచ్చబొట్లను నిషేధించారు. ఒక జాతి గుర్తును తుడిచెయ్యాలనుకున్నప్పుడు మొదట చెయ్యి పడింది ఆడవాళ్ల ముఖం మీద. 1899లో "రక్షణ" పేరుతో ఒక చట్టం తెచ్చి వేటగాళ్లను రైతులుగా మార్చబోయారు. ఆ చట్టం 1997 దాకా ఉంది. 1986లో నకసోనె ప్రధానమంత్రిగా ఉండి జపాన్ ఏకజాతి దేశమంటే ఐను సంఘాలు గట్టిగా నిరసించాయి. 2008లో పార్లమెంటు వాళ్లని మూలవాసులుగా గుర్తించమని తీర్మానించింది. 2019లో చట్టంలో ఆ మాట వచ్చింది. భూమి మీద, చేపల మీద హక్కు మాత్రం రాలేదు.

1903లో ఒసాకా ప్రదర్శనలో ఐను, తైవాన్ మూలవాసులతో పాటు ఒకినావా స్త్రీలను కూడా జనం చూడటానికి నిలబెట్టారు. ఒకినావా పత్రికలు మండిపడ్డాయి. బాగానే ఉంది. కానీ ఆ కోపంలో "మమ్మల్ని ఐనుల పక్కన నిలబెడతారా" అన్న మాట కూడా ఉంది. అవమానానికి గురైనవాళ్లు మరొకరిని కిందకి నెట్టడం మనం ఎన్నిచోట్ల చూడలేదు!

చిరి యుకియె అనే ఐను అమ్మాయి గురించి చెప్పకుండా ఉండలేను. 1903లో పుట్టింది. అమ్మమ్మ, పెద్దమ్మ ఐను గాథలు పాడేవాళ్లు. రాత లేని ఆ భాషలోని 13 పాటల్ని యుకియె రోమన్ అక్షరాల్లో రాసి జపనీస్‌లోకి మార్చింది. ఆ పని ముగించిన 1922లోనే, 19 ఏళ్లకి, గుండె జబ్బుతో తోక్యోలో చనిపోయింది. పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. కొజికి కూడా హియెద నొ అరె అనే ఒక మనిషి జ్ఞాపకంలోంచి రాసిందే. ఆ మనిషి స్త్రీ అని వాదించిన పండితులున్నారు. ఒకరి జ్ఞాపకం రాజుల చరిత్రయింది. ఇంకొకరి జ్ఞాపకం "అంతరించిపోతున్న భాష" కింద చేరింది.

మనం జాగ్రత్తపడవలసిన చోటు

చివరిగా మన వైపు కూడా చూసుకోవాలి. తకమురె ఇత్సుయె అని ఒక మహానుభావురాలు. 1931 నుంచి ఇల్లు కదలకుండా రోజుకి పది గంటలు పనిచేసి, ప్రాచీన జపాన్‌లో వంశం తల్లి వైపు నడిచేదని 1938లో పెద్ద గ్రంథం రాసింది. పెళ్లయ్యాక మగవాడే అత్తవారింటికి వచ్చేవాడని 1953లో ఇంకో గ్రంథం రాసింది. స్త్రీల చరిత్ర అనే శాస్త్రానికి ఆమె ఆద్యురాలు. కానీ యుద్ధకాలంలో ఆమె సూర్యదేవతను, మాతృశక్తిని పొగుడుతూ సామ్రాజ్య యుద్ధాన్ని సమర్థించింది. 1990లలో ఆమె ఆధారాల్ని తిరగేసిన పరిశోధకులు కొన్నిచోట్ల ఆమె తన వాదానికి తగ్గట్టు ఆధారాల్ని మలిచిందని చూపించారు. నేను ఆమెని తీసిపారేయను. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఒక శాస్త్రాన్ని నిర్మించిన స్త్రీ ఆమె. కానీ స్వర్ణయుగం మీద ప్రేమ ఎంత తెలివైనవాళ్లనైనా ఎక్కడికి తీసుకుపోగలదో ఆమె జీవితం చెప్తోంది.

తల్లి వైపు వంశమా, తండ్రి వైపు వంశమా అంటే, తొలి జపాన్‌లో రెండు వైపులా లెక్కపెట్టేవాళ్లని ఇప్పుడు చాలామంది చరిత్రకారులు అంటున్నారు. నాకు అది చాలు. సమానత్వం అడగడానికి ఒకప్పుడు మనం రాణులమై ఉండనక్కరలేదు. ఎప్పుడూ లేకపోయినా అడగొచ్చు. హక్కు చరిత్ర నుంచి రాదు. అది ఎప్పుడూ లేదని, ఉండకూడదని చరిత్రను సాక్ష్యంగా తెచ్చినప్పుడు మాత్రం ఆ సాక్ష్యాన్ని విప్పి చూపడం మన పని.

వెనక వరస నుంచి అడిగిన ఆ చెల్లికి నా జవాబు ఇదీ. అమ్మా, జపాన్ వాళ్లు ఒకే జాతి కాదు. ఎన్నో దారుల్లో వచ్చి కలిసినవాళ్లు. ఒకటేనని చెప్పడం మొదలుపెట్టాక ఐనులు, ఒకినావా వాళ్లు, వెలివాడల వాళ్లు, కొరియా నుంచి వచ్చినవాళ్లు చాలా నష్టపోయారు. మనం బాగుపడటానికి మనలోని తేడాలు అడ్డం కాదు. ఆ తేడాల మీద మెట్లు కట్టడం అడ్డం.

మీ ఊళ్లకి వెళ్లాక ఒక చిన్న పని చేయండి. మీ ఊరి పుట్టుక కథ అడగండి. ఎవరో రెడ్డి కట్టాడనో, దొర కట్టాడనో, ఫలానా ఋషి తపస్సు చేశాడనో చెప్తారు. రాసుకోండి. ఆ తర్వాత ముసలమ్మల్ని అడగండి: చెరువు తవ్వినప్పుడు మట్టి ఎవరు మోశారు? కట్ట నిలవడానికి బలిచ్చిన ఆడమనిషి కథ ఉందా? ఆమెది ఏ ఇల్లు, ఏ వాడ? పేరు తెలిస్తే పేరు రాయండి. తెలియకపోతే, పేరు తెలియని స్త్రీ ఒకరు అని రాయండి. 239లో పడవెక్కిన ఆ ఆరుగురికి మనం చేయగలిగింది ఇప్పుడు ఏమీ లేదు. మన జాబితాల్లో ఉన్నవాళ్లకి మాత్రం ఇంకా చేయగలం.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఈసారి వెనక వరస నుంచి మొదలుపెడదాం.